మోటు సరసం పాటలు, లక్క రికార్డులు: మీ ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఇంట్లో పెద్దవాళ్ళు జంటగా పాడే సరసపు పాటలను ఎలా పట్టుకోవాలి, పాత రికార్డుల్లో ఉన్నవాటిని ఎలా బయటికి తీయాలి అని అడిగారు. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరి ఊర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాయనమ్మ, ఆమె తోడికోడలు నాట్ల పాటలు, పెళ్ళిళ్ళలో వియ్యపురాళ్ళను ఆటపట్టించే పాటలు కలిసి పాడతారు. ఫోనులో రికార్డు చేస్తే ఒకరి గొంతే వినపడుతోంది. పైగా శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంది. మంచి మైకు కొనాలా? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మైకు కొనేముందు కూర్చునే తీరు మార్చి చూడండి. సగం జబ్బు అక్కడే నయమవుతుంది.

శబ్దం పెరగడం, తగ్గడం ఫోను తనంతట తాను చేస్తున్న పని. మాట్లాడే గొంతు కోసం తయారైన రికార్డర్ యాప్ పెద్ద శబ్దం రాగానే మొత్తాన్ని కిందికి నొక్కుతుంది, నిశ్శబ్దం రాగానే పైకి లేపుతుంది. ఒక్కరే మాట్లాడితే అది మేలే చేస్తుంది. జంట పాటలో మాత్రం నాయనమ్మ గట్టిగా ఎత్తుకోగానే ఫోను మొత్తం శబ్దాన్ని తగ్గిస్తుంది, సరిగ్గా అప్పుడే అందుకున్న చిన్న నాయనమ్మ వంత అణిగిపోతుంది. కాబట్టి గెయిన్‌ను (మైకు ఎంత శబ్దం తీసుకోవాలన్న కొలతను) చేత్తో పెట్టుకునే వీలున్న యాప్ వాడండి. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫార్మాటు, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. 24 బిట్ ఉంటే మరీ మంచిది. ఆ లెక్కన స్టీరియోలో గంటకు దాదాపు ఒక జీబీ పడుతుంది, ముందే ఖాళీ చూసుకోండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, వేళ్ళ రాపిడి అంతా పాటలోకి వస్తుంది. జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05 లాంటి చిన్న రికార్డర్ ఎవరిదగ్గరైనా అరువు దొరికితే ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు.

కూర్చోబెట్టే పద్ధతి ఇది. ఇద్దరినీ చాప మీద ఒకరినొకరు చూసుకునేలా కొంచెం ఏటవాలుగా కూర్చోబెట్టండి. వంత అందుకునేవాళ్ళు ముందుపాట వాళ్ళ పెదవులు చూస్తూ అందుకుంటారు, అందువల్ల పక్కపక్కన గోడకు ఆనించి కూర్చోబెడితే పాట తడబడుతుంది. వాళ్ళిద్దరూ రెండు మూలలైతే మూడో మూలలో పీట మీద మడిచిన తువ్వాలు వేసి, నోటి ఎత్తుకు కొంచెం కిందుగా రికార్డర్ పెట్టండి. నోటికి, మైకుకు మధ్య రెండడుగులు చాలు. ఎవరి గొంతు పెద్దదో వాళ్ళను జానెడు వెనక్కి జరపండి. ఆ సమతూకం చాప మీదే కుదరాలి. రికార్డయ్యాక కంప్యూటర్లో ఒక గొంతు పెంచితే రెండోదీ దానితోపాటే పెరుగుతుంది.

చెరొక కాలర్ మైకు తగిలిస్తే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. దగ్గర దగ్గరగా కూర్చున్న జంటకు అది చెరుపే చేస్తుంది. ఒకే గొంతు రెండు మైకుల్లోకి కాస్త తేడా కాలంలో చేరుతుంది. శబ్దం 34 సెంటీమీటర్లు నడవడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. ఆ రెండింటినీ కలిపితే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. రెండు మైకులు తప్పదనుకుంటే నోటికి, మైకుకు ఎంత దూరమో, మైకుకు, మైకుకు మధ్య దానికి మూడు రెట్లు ఉండాలి.

గది సంగతి. ఖాళీ సిమెంటు గదిలో పాడిస్తే ప్రతి మాట వెనక తోక వస్తుంది. మంచం మీద పరుపు, దండెం మీద రెండు దుప్పట్లు ఉన్న గదైతే చక్కగా ఉంటుంది. ఫ్యాను ఆపాలి. అందుకే ఎండాకాలం ఈ పని పెట్టుకోకండి, డిసెంబరు, జనవరి నెలలు మంచివి. కాకపోతే ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులు మోగుతాయి. భోజనాలయ్యాక రెండింటికీ నాలుగింటికీ మధ్య ఊరు కాస్త సద్దుమణుగుతుంది, ఆ వేళ చూసుకోండి.

మొదటి పాట ఎప్పుడూ బిగుసుకునే వస్తుంది. దాన్ని లెవెల్ చూసుకోవడానికి వాడండి, గట్టి చోట మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి. ఆ ఖాళీ ఎందుకంటే సరసపు పాటలో అన్నిటికన్నా పెద్ద శబ్దం పాట కాదు, నవ్వు. చరణం చివర చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లున నవ్వితే శబ్దం రికార్డరు పట్టగల హద్దు దాటి చిట్లుతుంది, ఆ చిట్లింపును తరవాత బాగుచేయలేరు. నవ్వుతారని వాళ్ళను బయటికి పంపేయకండి. ఏ మాటకు రెండో అర్థం ఉందో ముప్పయ్యేళ్ళ తరవాత వినేవాళ్ళకు చెప్పేది ఆ నవ్వు ఒక్కటే.

నాట్ల పాట, దంపుడు పాట చేతులు కట్టుకుని కూర్చుంటే సగంలో ఆగిపోతుంది. చేతికి చేటో, రోకలో ఇవ్వండి, మరిచిపోయిన చరణం చేతి ఊపులో వస్తుంది. గాజుల చప్పుడు, రోకటి పోటు పాటతో కలుస్తాయి. అలా ఒకసారి, పనిముట్టు లేకుండా మాటలు స్పష్టంగా ఒకసారి, రెండూ తీయండి. ప్రతి పాటకు ముందు తేదీ, ఊరు, పాడేవాళ్ళ పేర్లు, ఏ సందర్భంలో పాడతారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు మారిపోవచ్చు, లోపల చెప్పిన మాట మారదు. ఆఖరుగా, ఫైలును వాట్సాప్‌లో ఆడియోగా పంపవద్దు, నలిగిపోతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: మా అత్తగారు, ఆవిడ చెల్లెలు పాడిన బంతి పాటలు, తలుపు దగ్గర పాటలు వింటూ రాస్తున్నాను. పచ్చిగా ఉన్న మాటలు తీసేసి మర్యాదగా రాయమని ఇంట్లో అంటున్నారు. కొన్నిచోట్ల అత్తగారే మాట మింగేస్తున్నారు, లేదా మార్చేస్తున్నారు. ఏం చేయాలి? – కొత్తపేట, గుంటూరు

జవాబు: పాడింది పాడినట్టు రాయండి. ఈ ఒక్క విషయంలో మేం ఎవరితోనూ రాజీపడం. చుక్కలు పెట్టి వదిలిన చోట తరవాతి తరం ఊహించుకునే మాట అసలుదానికన్నా మోటుగా ఉంటుంది.

పాటకు మర్యాద నేర్పబోతే ముందు పోయేది ప్రాస. ఈ జవాబు కోసమే కట్టిన రెండు పాదాలు చూడండి:

వియ్యపురాలమ్మ వయ్యారమేమమ్మ
నెయ్యి గిన్నె దాచి చెయ్యి నాకేవమ్మ

రెండు పాదాల్లోనూ మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు చొప్పున లెక్క) పంతొమ్మిది. వియ్య, నెయ్యి అని రెండో అక్షరం కలిసింది, ప్రాస కుదిరింది. పాదం లోపల కూడా వియ్య–వయ్యా, నెయ్యి–చెయ్యి అని ప్రాసయతి పడింది. ఇప్పుడు నెయ్యి మాట బాగాలేదని ఎవరో ‘పాల గిన్నె’ అని మార్చారనుకోండి. నెయ్యికి మూడు మాత్రలే, పాలకూ మూడే, కాబట్టి తాళం తప్పదు, పాడేవాళ్ళకు అడ్డూ తగలదు. కానీ ప్రాస పోయింది, లోపలి యతీ పోయింది. అదే ‘అన్నం గిన్నె’ అంటే ఒక మాత్ర ఎక్కువై అడుగు కుంటుతుంది. మీ అత్తగారు మాట మార్చిన చోట ఈ పరీక్ష పెట్టండి. చుట్టూ అన్నీ కలిసి ఒక్కచోటే ప్రాస తప్పితే అక్కడ వేరే మాట ఉండేదని గట్టిగా అనుమానించవచ్చు. అయితే మీకు తోచిన మాట అందులో పెట్టేయకూడదు. పక్కన ‘ఇక్కడ ప్రాస తప్పింది, పాడినావిడ నవ్వి మార్చారు’ అని రాసి వదిలేయండి. జానపదుల పాట ప్రతిచోటా ప్రాస పాటించదు, అది గుర్తుండాలి.

వినడంలోనూ జాగ్రత్త అవసరం. పై పాదంలో ‘చెయ్యి నాకేవమ్మ’ అన్నది ‘చెయ్యి నాకీవమ్మ’ అని వినపడవచ్చు. ఒక్క అచ్చు తేడాతో ఎకసక్కెం కాస్తా ముద్దుమాట అయిపోతుంది. అనుమానం ఉన్నచోట వేగం డెబ్బై శాతానికి తగ్గించి వినండి, ఆపైన పాడినావిడనే పాటగా కాకుండా మాటగా ఒకసారి చెప్పమనండి. గుంటూరు పల్లెల్లో అనే మాటను పుస్తకాల భాషలోకి దిద్దవద్దు.

మాట మింగేయడానికి కారణం తరచు గదిలో ఉన్నవాళ్ళే. కొడుకులు, అల్లుళ్ళు, పిల్లలు లేని వేళ, తనకు ఈడైన ఆడవాళ్ళ మధ్య పాడితే పాట నిండుగా వస్తుంది. అప్పటికీ ఆవిడ వద్దంటే బలవంతపెట్టకండి. పాట ఆవిడది.

ఇక ఇంట్లోవాళ్ళ మాట. రెండు ప్రతులు ఉంచండి. ఒకటి పూర్తిది, ముట్టుకోనిది. రెండోది ఆవిడ ఒప్పుకున్నంతవరకు నలుగురికీ వినిపించేది. పూర్తి ప్రతి ఎవరికి, ఎప్పుడు వినిపించవచ్చో ఆవిడ నోటితోనే రికార్డు చేయించుకోండి.

మాటలు కత్తిరించకపోతే ఏమవుతుందో, కత్తిరిస్తే ఏమవుతుందో సాహిత్యం చూసింది. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో వావిళ్ళవారి ద్వారా అచ్చువేయిస్తే మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. ఇంగ్లండులో సెసిల్ షార్ప్ 1903 నుంచి పల్లెపాటలు సేకరించారు. పాటలు అచ్చులోకి వచ్చేసరికి మోటు మాటలను మెత్తబరిచారు. కానీ చేతిరాత ప్రతుల్లో విన్నది విన్నట్టే ఉంచారు. అందువల్లే 1958లో జేమ్స్ రీవ్స్ ఆ రాతప్రతులనుంచి అసలు మాటలతో పాటలను మళ్ళీ ప్రచురించగలిగారు. మీ నోటుపుస్తకం ఆ రాతప్రతి లాంటిదనుకోండి.

ప్రశ్న: తాతగారి పెట్టెలో పదంగుళాల నల్ల రికార్డులు ఇరవైదాకా దొరికాయి. జావళీలు (తేలిక నడక శృంగార గీతాలు), నాటకాల హాస్యం ఉన్నాయి. దుమ్ము పోవడానికి ఒకదాన్ని స్పిరిట్‌తో తుడిస్తే మెరుపు పోయి, చేతికి నల్లగా అంటుకుంది. ఎల్పీ ప్లేయర్ మీద పెడితే గరగర తప్ప పాట సరిగా వినపడలేదు. – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: స్పిరిట్ వెంటనే మానేయండి. ఆ రికార్డులు వినైల్ కావు, లక్కతో చేసినవి. మెరుగు చెక్కసామాను మీద పూసే పాలిష్‌లో లక్కను కరిగించేది స్పిరిట్టే. చేతికి అంటుకున్న నలుపు గాడి గోడలే. ఆ పక్క పోయినంతమేర తిరిగి రాదు. మిగిలినవి భద్రం.

కడిగే పద్ధతి: బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరు తీసుకోండి, యాసిడ్ కలిపిన సీసా ఇవ్వలేదు కదా అని చూసుకోండి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు, అంతే. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో గాడి వెంబడి గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా కాదు. మధ్యలో లేబుల్ తడవకూడదు, కంపెనీ పేరు, నంబరు అక్కడే ఉంటాయి. ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో మరోసారి కడిగి, నూలు పోగులు రాలని బట్టతో అద్ది, నీడలో రెండు గంటలు నిలబెట్టి ఆరబెట్టండి. బెజవాడ ఎండలో పెడితే అప్పడంలా వంగుతుంది. అంచు పగిలినవాటిని, పొరలు విడుతున్నవాటిని అసలు తడపవద్దు. పాత కొలంబియా రికార్డుల్లో కొన్నింటికి లోపల కాగితం పొర ఉంటుంది, నీరు పట్టి ఉబ్బుతుంది.

గరగరకు అసలు కారణం సూది. ఎల్పీ సూది మొన దాదాపు 18 నుంచి 25 మైక్రాన్లు. లక్క రికార్డు గాడి చాలా వెడల్పు, దానికి 75 మైక్రాన్ల సూది కావాలి, ‘త్రీ మిల్’ అని అడగండి. సన్న సూది గాడి గోడలను తాకకుండా అడుక్కి జారి అక్కడున్న దుమ్మును, గీతలను చదువుతుంది. మీకు వినపడిన గరగర అదే. సూది అమరే కార్ట్రిజ్‌లలో చాలావాటికి 78 సూది (నిమిషానికి 78 చుట్లు తిరిగే ఇలాంటి రికార్డులకు తగినది) విడిగా దొరుకుతుంది. బరువు 3 నుంచి 5 గ్రాముల మధ్య పెట్టండి. పాత చాబీ గ్రామఫోను మీద అయితే ఉక్కు సూదిని పక్కకొకటి చొప్పున మార్చాలి. ఒకే సూదితో పది పక్కలు వాయిస్తే అది ఉలి అయి గాడిని చెక్కేస్తుంది.

మీ ప్లేయర్‌కు 78 వేగం లేకపోయినా దారి ఉంది. 45లో వాయించి రికార్డు చేసి, శబ్దం దిద్దే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో వేగాన్ని 73.3 శాతం పెంచండి. మూడు నిమిషాల పక్క 45లో 5 నిమిషాల 12 సెకన్లు నడుస్తుంది. అయితే ఫోనో బటన్ వేసి ఎక్కిస్తే ఎల్పీల కోసం పెట్టిన సవరణ కూడా తప్పు చోట పడుతుంది. ఆ సవరణ లేకుండా ఫ్లాట్‌గా ఎక్కించుకుని, వేగం సరిచేశాక మంద్రం, తారం దిద్దుకోవడం మేలు. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌గా దాచండి. గాడి మోనో కాబట్టి స్టీరియో కార్ట్రిజ్‌లో వచ్చే రెండు చానళ్ళను కలిపి ఒకటి చేయండి, కిందికి పైకి ఊగే రొద చాలా తగ్గుతుంది. అయితే కలపడానికి ముందు రెండూ విడివిడిగా వినండి. ఒక్కోసారి గాడికి ఒక గోడ అరిగి రెండోది బాగుంటుంది.

78 అని పేరే గాని పాత రికార్డులు అన్నీ ఆ వేగంలో తీసినవి కావు. 1920ల మధ్యలో విద్యుత్ రికార్డింగ్ రాకముందువి ముఖ్యంగా అటూఇటూ ఉంటాయి. 80లో తీసినదాన్ని 78లో వాయిస్తే శ్రుతి అర మెట్టుకు సగం దాకా దిగుతుంది. జావళి పాడే గొంతు బరువెక్కి, హాస్యం నీరసంగా ఉంటే వేగం అనుమానించండి. పక్కన హార్మోనియం వినపడుతుంటే ట్యూనర్ యాప్‌తో ఏదో ఒక మెట్టుకు సరిపోయేలా వేగం జరపండి, ఆనాటి హార్మోనియాలు ఈనాటి శ్రుతికి అచ్చంగా కలవవని గుర్తుంచుకుని.

గరగర తీసే ఫిల్టర్లను మాత్రం పిసినారిలా వాడండి. ఎక్కువైతే గొంతులో స, శ, చ అన్నీ ఒకటవుతాయి. ద్వంద్వార్థం ఉన్న పాటకు అక్షరం పోతే ప్రాణం పోయినట్టే. శుభ్రం చేయని ఫైలు ఒకటి ఎప్పుడూ పక్కన ఉంచండి.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా అన్నయ్య జాన్ రాబర్ట్స్, టోనీ బారండ్ అనే జంట పాడిన ఇంగ్లీషు మ్యూజిక్ హాల్ పాటల రికార్డు పంపాడు. మాటలు మామూలుగానే ఉన్నాయి, జనం మాత్రం పడీపడీ నవ్వుతున్నారు. ఈ మ్యూజిక్ హాల్ ఏమిటి? మనకు అలాంటిది ఉందా? – లబ్బీపేట, విజయవాడ

జవాబు: ఆ ఇద్దరూ ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ కలిసిన జంట. ఓడపాటలు, పల్లెపాటలు, మోటు సరసం పాటలు, మ్యూజిక్ హాల్ పాటలు అన్నీ పాడారు. బారండ్ బోస్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, ఇంగ్లండు పల్లెల మోరిస్ నృత్యం మీద చాలా పనిచేశారు. 2022లో కన్నుమూశారు.

మ్యూజిక్ హాల్ అంటే సంగీత సభ అనుకోవద్దు. సారా దుకాణం వెనక గదిలో మొదలైన వినోదం అది. లండన్‌లో ల్యాంబెత్ అనే చోట చార్లెస్ మోర్టన్ 1852లో కట్టిన కాంటర్‌బరీ హాలును దానికి తొలి పెద్ద మెట్టుగా చెబుతారు. జనం బల్లల దగ్గర తింటూ తాగుతూ ఉంటారు. చైర్మన్ సుత్తి కొట్టి ఒక్కొక్క పాటగాణ్ణి పిలుస్తాడు, పల్లవి వచ్చినప్పుడల్లా హాలంతా అందుకుంటుంది. చరణం పాటగాడిది, పల్లవి జనానిది. అందుకే పల్లవి ఒక్కసారి వింటే నోటికి వచ్చేంత తేలిగ్గా ఉంటుంది.

మాటలు మామూలుగా ఉన్నాయన్నారే, కిటుకంతా అక్కడే. ఆ వేదికల మీద అందరికన్నా పేరుపొందిన మేరీ లాయిడ్ పాటలు కాగితం మీద చదివితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అర్థమంతా ఆమె కన్నుగీటులో, ఒక మాట ముందు ఆగిన క్షణంలో ఉండేది. 1912లో రాజుగారి సమక్షంలో మ్యూజిక్ హాల్ కళాకారులందరితో ప్రదర్శన పెడితే ఆమెను మాత్రం పిలవలేదు. రికార్డు మీద కన్నుగీటు వినపడదు కాబట్టి, ఆ పాటలు పాడే జంటలు ఆగడం మీదే ఆధారపడతాయి. మళ్ళీ వినేటప్పుడు నవ్వుకు ముందు ఎంతసేపు ఆగారో, నవ్వు పూర్తిగా అణగకముందే తరవాతి పాదం ఎలా ఎత్తుకున్నారో గమనించండి. నవ్వు అడుగంటాక ఎత్తుకుంటే సభ చల్లారిపోతుంది. నవ్వు జోరు మీద ఉండగా ఎత్తుకుంటే మాట వినపడదు.

మనకు దానికి అచ్చంగా సాటి లేదు గాని చుట్టాలు చాలామంది ఉన్నారు. క్షేత్రయ్య పదాలకన్నా తేలికైన నడకలో వచ్చిన జావళి ఒకటి. ఆయన పేరుతో ముడిపడిన మొవ్వ మన కృష్ణా జిల్లాలోనే ఉంది. బుర్రకథలో హాస్యపు వంత మరొకటి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఆ కళను ఎక్కడికి తీసుకువెళ్ళారో తెలిసిందే, 1986లో పద్మశ్రీ వచ్చింది. కథకుడు ఏడిపిస్తుంటే పక్కన గుమ్మెట పట్టుకున్నవాడు ఒక్క మాటతో నవ్విస్తాడు, ఆ మాట ఊరిని బట్టి, ఆ రోజు సభను బట్టి మారుతుంది. నాటకాల్లో ‘వన్స్ మోర్’ కొట్టించుకున్న హాస్యం ఇంకొకటి. ఇక జంట గొంతులతో పల్లెపాటను గ్రామఫోను దాకా తెచ్చినవాళ్ళంటే వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళను తలుచుకోవాలి.

వేదిక మీద పుట్టిన మాటను ఎవరూ రాసుకోకపోతే ఏం జరుగుతుందో చింతామణి నాటకం చెబుతుంది. కాళ్ళకూరి నారాయణరావు దాన్ని వేశ్యాలోలత్వానికి ఎదురుగా, సంస్కరణ కోసం రాశారు. దశాబ్దాల తరబడి ప్రదర్శనల్లో నటులు సొంత హాస్యం చేర్చుకుంటూ పోయారు. తమను కించపరుస్తోందని ఒక వర్గం అభ్యంతరం చెప్పడంతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. ఏ మాట రచయితది, ఏది ఏ నాటి నటుడిదో తేల్చడానికి తేదీ వేసిన పాత రికార్డులకు మించిన సాక్ష్యం లేదు. మీ ఇళ్ళలో నాటకాల రికార్డుల సెట్లు ఉంటే పారేయకండి.

ప్రశ్న: ఇలాంటి పాటలు యూట్యూబులో పెడితే కేసులవుతాయా? పాత రికార్డులకు హక్కులు ఎవరివి? – తెనాలి, గుంటూరు జిల్లా

జవాబు: మన చట్టంలో రికార్డింగుకు హక్కు ప్రచురించిన ఏడాది తరవాత 60 ఏళ్ళు. 1940లో విడుదలైన రికార్డుకు 2000 సంవత్సరం చివరితో అది ముగిసింది. కానీ పాట రాసినవాళ్ళ హక్కు వేరు, వారు పోయిన తరవాత 60 ఏళ్ళు నడుస్తుంది. ఎవరు కట్టారో తెలియని జానపదానికి రచయిత హక్కు ఉండదు గాని, మీరు రికార్డు చేసిన పాడేవాళ్ళకు ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. అందువల్ల మామ్మగారి సమ్మతి రాతలోనో, గొంతులోనో తీసుకోకుండా ఏదీ పెట్టకండి.

అశ్లీలం విషయంలో ఐటీ చట్టం 67వ సెక్షన్ ఆన్‌లైన్‌కు, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ బహిరంగంగా పాడడానికి వర్తిస్తాయి. అదే సంహితలో పుస్తకాలు, అమ్మకాల సంగతి చూసే 294వ సెక్షన్‌లో సాహిత్యం, కళ, విద్య కోసం ప్రజాహితంగా చేసినవాటికి మినహాయింపు ఉంది. పాట పక్కన సందర్భం, ఊరు, వివరణ ఉండడం వేరు, తమాషా శీర్షిక పెట్టి పచ్చి ముక్క ఒక్కటే కత్తిరించి వదలడం వేరు. రెండో పని చేయకండి. అందులో పాడిన ముసలావిడ పరువు పోతుంది. పూర్తి ప్రతిని ఆన్‌లైన్‌లో పెట్టే ముందు వకీలును అడగండి.

ప్రశ్న: పెళ్ళిలో పాడిన జంట పాటల క్యాసెట్ ఉంది. కీచుమంటోంది, శబ్దం మూసుకుపోయినట్టుంది. – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు క్యాసెట్‌ను ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి, వెనక్కి ఒకసారి చుట్టండి, ఏళ్ళతరబడి ఒకే బిగువులో ఉన్న టేపు సర్దుకుంటుంది. సీ-90 (తొంభై నిమిషాల క్యాసెట్) అయితే టేపు పలచన, మధ్యలో ఆపి లాగకండి. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌ను దూదిపుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. లక్క రికార్డుకు విషమైన స్పిరిట్ ఇక్కడ మందు. రబ్బరు రోలరుకు మాత్రం రాయవద్దు, ఎండి పగులుతుంది, దానికి తడిబట్ట చాలు. అయినా మూసుకుపోయినట్టే ఉంటే హెడ్ పక్కనున్న చిన్న స్ప్రింగు స్క్రూను, పాట నడుస్తుండగా, పావు చుట్టు లోపే అటూఇటూ తిప్పి చూడండి. టేపు రొదలోని ‘స్‌స్’ ఎక్కడ అన్నిటికన్నా పదునుగా వినపడుతుందో అక్కడ ఆపి, ఆ క్యాసెట్ రెండు పక్కలూ ఒకదాని వెంట ఒకటి ఎక్కించుకోండి. స్క్రూ మొదట ఎక్కడుందో ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, మిగతా క్యాసెట్లకు మళ్ళీ అక్కడికే తేవాలి.